సమాధుల మధ్య మూడు గంటల పరుగు: ఎడ్ విట్‌లాక్ కేసు

వయసు పైబడ్డాక కూడా పరుగు మానని వాళ్ళకు ఫిజియోథెరపీ చేయడం నా వృత్తి. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ పదే పదే తెరిచి చూసుకునే కేసు ఒకటైనా ఉంటుంది. నాకు అది, డెబ్బై దాటాక మారథాన్‌ను (42 కిలోమీటర్లకు పైగా ఉండే పరుగు పోటీ) 3 గంటల లోపు ముగించిన కెనడా రన్నర్ ఎడ్ విట్‌లాక్ కేసు. ఆయన నా పేషెంటు కాదు, ఆయనను నేను ఎన్నడూ కలవలేదు. పోటీల ఫలితాలు, ఆయన పత్రికలకు చెప్పిన మాటలు, ఆయన శరీరాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు బయటపెట్టిన వివరాలు, ఆయన పరుగు వీడియోలు మాత్రమే నాకు ఆధారం. ఈ కేసును నేను కొన్నేళ్ళపాటు తప్పుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు కూర్చుని పూర్తిగా రాయడానికి అదీ ఒక కారణమే. ఆ తప్పేమిటో దాని సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

నేపథ్యం

విట్‌లాక్ 1931 మార్చి 6న ఇంగ్లండులో, లండన్ పరిసరాల్లో పుట్టారు. చదువుకునే రోజుల్లో మంచి రన్నర్ అనిపించుకున్నారు. గనుల ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం కోసం కెనడా వెళ్ళి, అక్కడే స్థిరపడ్డారు. వెళ్ళిన తరువాత దాదాపు ఇరవై ఏళ్ళు పరుగు జోలికి పోలేదు. నలభై దాటాక మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూడా ఆయన మనసు మారథాన్ మీద లేదు, 1500 మీటర్ల వంటి మధ్య దూరపు పరుగుల మీదే ఉంది. ఇంకా చిన్నవాడైన కొడుకు మారథాన్ పరిగెత్తి తీరతానని పట్టుబట్టడంతో, వాడికి తోడుగా ఉండడానికి మారథాన్‌లోకి దిగారు. 1979లో, 48 ఏళ్ళ వయసులో, 2 గంటల 31 నిమిషాల 23 సెకన్లలో మారథాన్ పూర్తి చేశారు. జీవితం మొత్తంలో ఆయన అత్యుత్తమ సమయం ఇదే.

కేసు చదివేటప్పుడు చాలామంది దాటేసే భాగం ఇది. డెబ్బై ఏళ్ళ వయసులో మొదటిసారి బూట్లు కట్టుకుని రికార్డు కొట్టిన తాతగారి కథగా దీన్ని చెప్పడం వినసొంపుగా ఉంటుంది కాని, అది నిజం కాదు. 48 ఏళ్ళకు కిలోమీటరును 3 నిమిషాల 35 సెకన్ల చొప్పున, 42 కిలోమీటర్లకు పైగా లాగగలిగిన మనిషి మామూలు మనిషి కాడు. అయితే ఆయన వృత్తి క్రీడాకారుడు కూడా కాదు. ఉద్యోగం చేసుకుంటూ, సంసారం చూసుకుంటూ, మిగిలిన సమయంలో పరిగెత్తిన ఔత్సాహికుడు. కోచ్ లేడు, మసాజ్ లేదు, ప్రత్యేకమైన ఆహార నియమం లేదు.

ఉద్యోగ విరమణ తరువాత ఆయన ముందు ఒక స్పష్టమైన గురి నిలిచింది. డెబ్బై నిండిన వ్యక్తి మారథాన్‌ను 3 గంటల లోపు ముగించడం అప్పటికి ఎవరి వల్లా కాలేదు. 2001లో, డెబ్బయ్యో ఏట ఆయన ప్రయత్నించి, అర నిమిషం లోపు తేడాతో దాన్ని చేజార్చుకున్నారు. తరువాత మోకాలు ఇబ్బంది పెట్టింది. 2003లో టొరంటోలో, 72 ఏళ్ళ వయసులో, 2:59:10తో ఆ గీత దాటారు. మరుసటి ఏడాది అదే నగరంలో, 73 ఏళ్ళకు, 2:54:48. వయసు మీరిన అథ్లెట్ల ప్రపంచంలో ఈ రెండో సంఖ్యను ఇప్పటికీ గౌరవంతో పలుకుతారు. కిలోమీటరుకు 4 నిమిషాల 9 సెకన్లు అని చెబితే పరుగు అలవాటున్న వాళ్ళకు వెంటనే బోధపడుతుంది. అలవాటు లేని వాళ్ళు ట్రెడ్‌మిల్‌ను గంటకు పద్నాలుగున్నర కిలోమీటర్ల వేగానికి పెట్టి, ఎన్ని నిమిషాలు నిలబడగలరో చూసుకుంటే చాలు.

శిక్షణ

ఒంటారియో రాష్ట్రంలోని మిల్టన్ అనే ఊళ్ళో విట్‌లాక్ ఇల్లు. ఇంటికి దగ్గరలోనే ఎవర్‌గ్రీన్ అనే శ్మశానవాటిక ఉంది. చెట్ల నీడ, వరుసగా సమాధి రాళ్ళు, వాటి మధ్య నుంచి చుట్టి వచ్చే సన్నని దారి. ఒక చుట్టు అర కిలోమీటరు ఉంటుందేమో. ఆయన శిక్షణ మొత్తం ఆ దారిలోనే సాగింది. చుట్లు లెక్కపెట్టేవారు కాదు, దూరం చూసుకునేవారు కాదు, గుండె వేగాన్ని కొలిచే పరికరం పెట్టుకునేవారు కాదు. చేతి గడియారం చూసుకుని, అనుకున్న సమయం అయ్యేదాకా తిరిగేవారు. ఆ సమయం, శిక్షణ ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మూడు గంటలు. అదీ వారానికొకసారి చేసే పొడవాటి పరుగు కాదు; శరీరం సహకరించినంతకాలం దాదాపు ప్రతిరోజూ.

వీడియోల్లో ఆ పరుగును చూస్తే మొదట నిరాశ కలుగుతుంది. బక్కపలచని శరీరం, భుజాల దాకా ఎగిరే తెల్లటి జుట్టు, వదులుగా వేలాడే నిక్కరు. పాదం నేల నుంచి బెత్తెడు కూడా లేవదు. మోకాలు ముందుకు ఎత్తుకోదు, మడమ వెనక్కి ఎగరదు. అడుగులు పొట్టిగా, వెంటవెంటనే, నేలను రాసుకుంటూ పోతున్నట్టు పడతాయి. బస్సు కదిలిపోతుందేమోనని గబగబా నడుస్తున్న పెద్దమనిషిలా కనిపిస్తారు. అదే మనిషిని పోటీ రోజున చూడండి: తుంటి పైకి లేచి, వెనక కాలు పూర్తిగా చాచుకుని, అడుగు రెండింతలైనట్టు అనిపిస్తుంది. ఒకే శరీరంలో రెండు వేర్వేరు పరుగులు దాగి ఉన్నాయి.

వృత్తిరీత్యా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ తేడాయే. అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే, ఒక్కో అడుగులో మోకాలి కీలు మీద పడే భారం తగ్గుతుందని మేము రోజూ పేషెంట్లకు చెబుతూనే ఉంటాం. శరీరం గాలిలోకి తక్కువ ఎత్తు లేస్తుంది కాబట్టి, దిగేటప్పుడు తొడ ముందు కండరం బ్రేకు వేయాల్సిన పని కూడా తగ్గుతుంది. మూడు గంటల్లో పడే వేల అడుగులకు ఈ చిన్న తగ్గింపును గుణించి చూస్తే, ఎనభై దగ్గరపడుతున్న మోకాలు అంత పనిని ఎలా తట్టుకుందో కొంతవరకు అర్థమవుతుంది. విట్‌లాక్‌కు ఈ సిద్ధాంతంతో పని లేదు. అలా పరిగెడితే మర్నాడు మళ్ళీ పరిగెత్తగలుగుతున్నానని మాత్రం గమనించారు.

మరి వేగం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా, మళ్ళీ వేగంగా పరిగెత్తే సాధన) అంటూ విడిగా ఏమీ చేయలేదు. చుట్టుపక్కల జరిగే 5, 10 కిలోమీటర్ల పోటీల్లో తరచుగా పాల్గొనేవారు; వేగం కోసం చేసే సాధన ఆయనకు అవే. నెమ్మదైన పరుగు గంటల తరబడి చేసి, నడుమ కొద్దిపాటి వేగాన్ని పూర్తి శక్తితో చేయడమే ఈ పద్ధతి. నేటి దూరపు పరుగుల శిక్షణలో నిపుణులు పట్టికలు గీసి చెప్పే అమరికకు ఇది బాగా దగ్గరగా ఉంటుంది. ఆయన మాత్రం పట్టిక గీయలేదు.

శ్మశానాన్నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు పాత్రికేయులు ఏదో తాత్వికమైన జవాబు ఆశించేవారు. ఆయన జవాబు చాలా మామూలుగా ఉండేది: ఇల్లు దగ్గర, బళ్ళ రద్దీ లేదు, ఒంట్లో తేడా చేస్తే ఆపేసి ఇంటికి పోవచ్చు. ఈ మూడో మాటను నేను గీత గీసుకుని పెట్టుకున్నాను. ఊరి బయటికి పదిహేను కిలోమీటర్లు వెళ్ళినవాడు పిక్క పట్టేసినా పదిహేను కిలోమీటర్లు వెనక్కి రావాలి, ఆ తిరుగు ప్రయాణంలోనే చిన్న నొప్పి పెద్ద గాయంగా మారుతుంది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో: "నొప్పి మొదలైంది కానీ, ఇంటికి రావాలి కదండీ." అర కిలోమీటరు చుట్టులో తిరిగేవాడికి ఆ బలవంతం లేదు. ఏ క్షణంలోనైనా ఆపగలిగే చోటును ఎంచుకున్నారు కాబట్టే ఆయన అంతసేపు పరిగెత్తగలిగారని నా అభిప్రాయం.

ఆయన వినయం గురించి

విట్‌లాక్ నిరాడంబరత గురించి రాసినవాళ్ళందరూ పాత బూట్ల ప్రస్తావన తెస్తారు. 85వ ఏట మారథాన్‌కు ఆయన వేసుకున్న బూట్లు సుమారు పదిహేనేళ్ళ నాటివి, చొక్కా అంతకన్నా పాతది. ముచ్చటైన సంగతే. కాని ఒక కేసు రాసే మనిషిగా నాకు ఆయన వినయంలో విలువైనది వేరే ఉంది. ఆయన తన గురించి అబద్ధం చెప్పరు. రోజువారీ పరుగు తనకు ఆనందం ఇవ్వదని, అది చాకిరీయేనని, పోటీలన్నా, రికార్డులన్నా, నలుగురూ గుర్తించడమన్నా ఇష్టమని నిస్సంకోచంగా చెప్పారు. పరుగులో ధ్యానం ఉందనో, ప్రకృతితో ఏకమవుతాననో అనలేదు. మీ రహస్యం ఏమిటని అడిగితే, రహస్యం ఏమీ లేదనేవారు. వందేళ్ళు దాటి బతికిన దగ్గరి బంధువు ఒకరు ఆయన వంశంలో ఉన్నారు. వారసత్వం తనకు కలిసివచ్చి ఉంటుందని ఒప్పుకునేవారు. మీరు నాలాగే చేయండి అని ఎవరికీ చెప్పలేదు. మనుషులు తాము అనుకుంటున్నదానికన్నా చాలా ఎక్కువ చేయగలరని, కాకపోతే ప్రయత్నించేంత పిచ్చి ఉండాలని మాత్రం సరదాగా అన్నారు.

పేషెంటు చరిత్ర తీసుకునేటప్పుడు మాకు ఎదురయ్యే పెద్ద చిక్కు అలంకారం. పరిగెత్తిన దూరాన్ని కొంచెం పెంచి, విశ్రాంతి రోజులను కొంచెం తగ్గించి, నొప్పిని దాచి, తాము నమ్మే ఆహారానికో బూట్ల కంపెనీకో ఘనత కట్టబెట్టి చెబుతారు. ఏ సిద్ధాంతాన్నీ కాపాడుకోవాల్సిన అవసరం లేని మనిషి చెప్పే చరిత్ర శుభ్రంగా ఉంటుంది. విట్‌లాక్ కేసు అందుకే ఉపయోగపడుతుంది.

పరీక్షల్లో తేలినది

81 ఏళ్ళ వయసులో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆయనను పరీక్షించారు. తీవ్రమైన శ్రమలో శరీరం వాడుకోగలిగే ఆక్సిజన్ గరిష్ఠ పరిమాణం, అంటే వీవో2 మాక్స్, కిలో బరువుకు నిమిషానికి 54 మిల్లీలీటర్లుగా తేలింది. క్రమం తప్పక వ్యాయామం చేసే ముప్పై ఏళ్ళ యువకుడికి ఈ సంఖ్య వస్తే మేము భుజం తడతాం. ఎనభై దాటిన సాధారణ వ్యక్తిలో ఇది ఇరవైల చుట్టూ ఉంటుంది. మెట్లెక్కడం, సంచి మోయడం వంటి పనులకే శక్తిలో అధిక భాగం సరిపోతుంది.

ఈ సంఖ్యలో ఆయన శరీర బరువు పాత్ర కూడా ఉంది. సుమారు 170 సెంటీమీటర్ల ఎత్తుకు 50 కిలోల బరువు. భాగహారంలో కింద ఉన్న సంఖ్య చిన్నదైతే ఫలితం పెద్దదవుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోకుండా 54ను మొత్తంగా గుండెకే ఆపాదించడం సరికాదు.

గుండె, ఊపిరితిత్తులతో పాటు చూడాల్సినది నరాలు. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కో నరకణం కండరంలోని కొన్ని పోగులను నడిపిస్తుంది. ఆ జట్టును మోటార్ యూనిట్ అంటాం. అరవై దాటిన తరువాత ఈ నరకణాలు వేగంగా రాలిపోతాయి. దిక్కులేనివైన పోగులను పక్కనున్న నరాలు కొన్నాళ్ళు దత్తత తీసుకుంటాయి, అదీ కుదరనప్పుడు పోగులే నశిస్తాయి. వృద్ధుల కాళ్ళు సన్నబడడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఎనభై దాటినా పోటీల్లో ఉన్న అథ్లెట్లను కెనడాలో పరీక్షించినప్పుడు, అదే వయసున్న ఇతరులకన్నా వాళ్ళలో ఎక్కువ మోటార్ యూనిట్లు మిగిలి ఉన్నట్టు కనిపించింది. అది శిక్షణ ఫలితమా, లేక అలాంటి నరాలు పుట్టుకతో ఉన్నవాళ్ళే ఎనభై దాకా పోటీల్లో మిగిలారా అన్నది ఇలాంటి పరీక్షతో తేలేది కాదు. విట్‌లాక్ అయితే రెండో కారణానికే ఓటు వేసేవారనుకుంటాను.

మోకాలు, విరామాలు

రికార్డుల జాబితా చూసి ఆయన ఎప్పుడూ గాయపడలేదనుకుంటే పొరపాటు. మోకాళ్ళలో కీలు అరుగుదల ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా నెలల తరబడి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పరుగుకు దూరమయ్యారు. 73వ ఏటి శిఖరానికీ 80వ ఏటి రికార్డుకూ మధ్య ఉన్న ఏళ్ళలో ఇలాంటి ఖాళీలు ఉన్నాయి. నయమయ్యాక మూడు గంటలతో మొదలుపెట్టేవారు కాదు. కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, వారాల మీద వారాలు పెంచుకుంటూ పోయేవారు. పట్టికలో ఈ ఖాళీలకు గడి ఉండదు కాబట్టి ఎవరికీ కనిపించవు. నాకు మాత్రం ఆయన శిక్షణలో అత్యంత కఠినమైన భాగం అదే అనిపిస్తుంది.

నా తప్పు ఇక్కడే ఉంది. వృద్ధ రన్నర్లకు ఇచ్చే ప్రసంగాల్లో నేను చాలాకాలం ఈ కేసును ఉత్సాహం నింపడానికి వాడాను. మూడు గంటలు, శ్మశానం, 2:54:48, చప్పట్లు. కొన్నాళ్ళకు ఒక రిటైర్డ్ ఉద్యోగి మోకాలు వాచిపోయి, మోకాలి కింది ఎముక మీద వేలు పెడితే ఉలిక్కిపడే నొప్పితో నా దగ్గరికి వచ్చారు. వారానికి మూడు రోజులు గంటసేపు పరిగెత్తే మనిషి, నెల రోజుల్లో రోజుకు రెండున్నర గంటలకు పెంచేశారు. ఎందుకని అడిగితే ఆయన కోపంగా ఏమీ అనలేదు. "మీరే చెప్పారు కదండీ, ఆయన డెబ్బై మూడేళ్ళకు రోజూ మూడు గంటలు పరిగెత్తాడని. నాకు అరవై నాలుగేగా" అన్నారు. స్కాన్‌లో ఎముకకు ఒత్తిడి వల్ల వచ్చిన పగులు కనిపించింది. మూడు నెలలు పరుగు లేదు.

నేను చెప్పిన ప్రతి అంకె నిజమే. కాని ఇంగ్లండులో కుర్రతనంలో పరిగెత్తిన ఏళ్ళు, నలభై నుంచి డెబ్బై దాకా పేరుకున్న ముప్పై ఏళ్ళ పరుగు, 50 కిలోల శరీరం, నొప్పి రాగానే ఆగిపోయే అలవాటు, నెలల తరబడి విరామాలు, ఇవేవీ నేను చెప్పలేదు. విట్‌లాక్ తన పద్ధతిని ఎవరికీ సలహాగా ఇవ్వకుండా ఉంటే, ఆయన తరఫున ఆ సలహా నేను ఇచ్చాను. అప్పటి నుంచి ఈ కేసు చెప్పేటప్పుడు మోకాళ్ళ సంగతితో మొదలుపెడుతున్నాను.

తగ్గుదల లెక్క

ఒకే మనిషి ముప్పై ఏడేళ్ళపాటు ఒకే దూరాన్ని పోటీలో పరిగెత్తి, అధికారిక సమయాలు మిగల్చడం అరుదు. మెదడు, గుండె, కండరాలు, ఆసక్తి అన్నీ కలిసి వయసుతో ఎలా దిగుతాయో ఆ సమయాలే చెబుతాయి. 48 ఏళ్ళకు 2:31:23, 73 ఏళ్ళకు 2:54:48. ఈ పాతికేళ్ళలో తగ్గుదల దాదాపు 15.5 శాతం, అంటే ఏడాదికి 0.6 శాతం. 80 ఏళ్ళకు 3:15:54. ఈ ఏడేళ్ళలో 12 శాతం, ఏడాదికి 1.7. 85 ఏళ్ళకు 3 గంటల 56 నిమిషాలకు పైగా. ఈ అయిదేళ్ళలో 20 శాతానికి పైగా, ఏడాదికి 4 దాటింది.

నునుపుగా వాలుతున్న దారి ఎనభై దగ్గర గట్టులా తెగిందని ఈ అంకెలను చదవవచ్చు. నేను అలా చదవడానికి వెనుకాడుతున్నాను. చివరి సమయం 2016 అక్టోబరులో టొరంటోలో నమోదైంది. అంతకుముందు ఆయన శిక్షణ మునుపటిలా సాగలేదు, బరువు తగ్గారు. 2017 మార్చి 13న, 86 నిండిన వారానికి, ప్రొస్టేట్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అంటే మారథాన్‌కూ మరణానికీ మధ్య అయిదు నెలలు కూడా లేవు. 85 ఏళ్ళ వయసులో 4 గంటల లోపు మారథాన్ పూర్తి చేసిన తొలి వ్యక్తిగా ఆయన నిలిచిన ఆ పరుగు, వృద్ధాప్యం ఎంత తగ్గించిందో చెప్పదు. వృద్ధాప్యమూ రోగమూ కలిసి ఎంత తగ్గించాయో చెబుతుంది. పట్టికలో దాన్ని ఉంచాలి, గీత గీసేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి.

80వ ఏటి పరుగు గురించి ఒక మాట. 2011 అక్టోబరు 16న టొరంటోలో ఆయన 3:15:54తో ముగించిన అదే పోటీలో, వందేళ్ళ ఫౌజా సింగ్ 8 గంటలకు పైగా శ్రమించి గీత దాటారు. మనలో చాలామందికి ఆ రోజు గుర్తున్నది ఫౌజా సింగ్ వల్లే. ఆయన పేరు ఎక్కువగా వినిపించడం సహజమే. ఆయన చేసింది మరొక రకమైన అద్భుతం, దాన్ని కొలవడానికి వేరే కొలబద్ద కావాలి. కిలోమీటరుకు 4 నిమిషాల 39 సెకన్ల చొప్పున పరిగెత్తిన ఎనభై ఏళ్ళ మనిషి ఆ గుంపులోనే కొన్ని గంటల ముందు వెళ్ళిపోయాడని, ఆ సమయానికి బహుశా ఇంటి దారి పట్టి ఉంటాడని తలచుకుంటే నాకు నవ్వు వస్తుంది.

తరువాతి పరిణామాలు

2018 డిసెంబరులో అమెరికాకు చెందిన జీన్ డైక్స్ 70 ఏళ్ళ వయసులో 2:54:23 చేశారు. పోటీకి కావలసిన అధికారిక అనుమతి లేకపోవడం వల్ల అది రికార్డుగా నమోదు కాలేదు. 2022లో నెదర్లాండ్స్‌కు చెందిన యో స్కోన్‌బ్రూట్ 71 ఏళ్ళకు 2:54:19తో 70 పైబడినవారి రికార్డును తీసుకున్నారు. పద్దెనిమిదేళ్ళ నాటి సమయానికి 29 సెకన్లు మెరుగు.

వయో వర్గాలు అయిదేళ్ళకొకటి చొప్పున ఉంటాయి కాబట్టి, ఒక వర్గంలోకి అడుగుపెట్టిన మొదటి రెండేళ్ళలోనే రికార్డు కొట్టడం సులువు. కొత్తగా డెబ్బై నిండిన వాళ్ళందరూ అందుకే తొందరపడతారు. విట్‌లాక్ మాత్రం వర్గం మధ్యలో, 73లో కొట్టారు. డెబ్బయ్యో ఏట అర నిమిషంలోపు తేడాతో ఓడి, మోకాలు నయం చేసుకుని, రెండేళ్ళు ఆలస్యంగా 3 గంటల లోపుకు వచ్చి, మూడో ఏట దాన్ని మరో 4 నిమిషాల 22 సెకన్లు కిందికి దించారు. వయసు పెరుగుతుండగా సమయం తగ్గిన ఆ మూడేళ్ళకు నా పట్టికలో సరిపోయే గీత ఇంకా దొరకలేదు.